కెమెరా బోనెక్కదు

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన దాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. అంతకు మూడు రోజుల ముందు కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకంతో సైన్యంలో చేరే ఆశ గల్లంతైందన్న ఆవేశంతో యువకులు వందల సంఖ్యలో పట్టాల మీదికి దిగారు. బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకడు చనిపోయాడు. నిందితులను గుర్తించడానికి పోలీసులు ప్రధానంగా ఆధారపడింది స్టేషన్ సీసీ కెమెరాల మీద, సెల్‌ఫోన్ వీడియోల మీద, వాట్సాప్ సందేశాల మీద. అలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ వినిపించే మాటే అప్పుడూ వినిపించింది: వీడియోలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే ఇంకా సాక్షులెందుకు, ఏళ్ల తరబడి విచారణలెందుకు? ఆనాటివి గోడకు బిగించిన కెమెరాలు. ఇప్పుడు కెమెరా పోలీసు భుజానికెక్కింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాలు సోదాలను, స్వాధీనాలను వీడియో తీయడం తప్పనిసరి చేశాయి. దాంతో ఆ మాట వీధి అరుగు దాటి న్యాయవాదుల గదుల్లోకి, పోలీసు అధికారుల ప్రసంగాల్లోకి, సంపాదకీయాల్లోకి చేరింది. కెమెరా అబద్ధమాడదు, సాక్షి ఆడతాడు, కాబట్టి కెమెరా ఉన్నచోట సాక్షిని బోనులో నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేయడం కాలహరణమని ఆ వాదన సారం. ఇది తప్పు వాదన. పోలీసు కెమెరా తీసిన దృశ్యం ఆ పోలీసు చెప్పే సాక్ష్యంలో ఒక భాగమే. ఆ పోలీసును, ఆ దృశ్యంలో మాట్లాడిన మనుషులను ప్రశ్నించే హక్కు నిందితుడికి లేకుండా చేస్తే, దృశ్యం ఎంత స్పష్టంగా ఉన్నా దాని ఆధారంగా పడే శిక్ష న్యాయమైనది కాదు.

నిందితుడు సాక్షిని ఎదుర్కొనే హక్కు అమెరికా వాళ్ల రాజ్యాంగంలో ఆరో సవరణగా ఉంది కానీ మన రాజ్యాంగంలో ఆ మాటే లేదని కొందరు కొట్టిపారేస్తారు. మాట లేకపోవచ్చు. హక్కు మాత్రం ఉంది. సాక్ష్యాన్ని నిందితుడి సమక్షంలో నమోదు చేయాలన్నది పాత నేర ప్రక్రియా స్మృతిలో 273వ సెక్షన్. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 308వ సెక్షన్. చూసిన సంగతిని చూసినవాడే వచ్చి చెప్పాలన్న నియమం, ముందు ముఖ్య విచారణ (చీఫ్), తర్వాత అడ్డుప్రశ్నలు (క్రాస్) జరగాలన్న క్రమం 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్నవి ఉన్నట్టే భారతీయ సాక్ష్య అధినియమ్‌లోకి వచ్చాయి. వీటన్నిటికీ పైన 21వ అధికరణం న్యాయమైన విచారణకు హామీ ఇస్తోంది. ఈ రక్షణలు ఇంగ్లండు నుంచి అచ్చుపోసి తెచ్చినవని అనుకోవడానికీ వీల్లేదు. పోలీసుల ముందు చెప్పిన నేరాంగీకారం చెల్లదనే నిబంధన 1861 నాటి ప్రక్రియా స్మృతిలోకి వచ్చింది. దాని వెనుక 1855లో మద్రాసు ప్రెసిడెన్సీ చిత్రహింసల విచారణ సంఘం ఇచ్చిన నివేదిక ఉంది. ఆ ప్రెసిడెన్సీలో గుంటూరు, నెల్లూరు, బళ్లారి, కడప ఉండేవి. శిస్తు వసూలుకైనా, నేరం ఒప్పించడానికైనా ఈ ప్రాంతపు రైతులను, కూలీలను ఎలా హింసించేవారో ప్రభుత్వమే వేసిన సంఘం ప్రభుత్వానికి రాసి చెప్పింది. పోలీసు చేతిలో తయారైన మాటను కోర్టు గుడ్డిగా నమ్మకూడదన్న సూత్రం మన తాతముత్తాతల ఒంటి మీది దెబ్బల నుంచి పుట్టింది. ఆ మాటను కాగితం మీద కాకుండా వీడియోలో పట్టారన్న ఒక్క కారణంతో ఆ సూత్రం రద్దయిపోదు.

చట్టం అక్షరాన్ని చూసినా ఇదే తేలుతుంది. దర్యాప్తులో పోలీసుకు ఎవరైనా ఇచ్చిన వాంగ్మూలాన్ని విచారణలో ప్రాసిక్యూషన్ తన సాక్ష్యంగా వాడుకోకూడదని పాత ప్రక్రియా స్మృతి 162వ సెక్షన్, అంటే ఇప్పటి సంహిత 181వ సెక్షన్ నిషేధిస్తోంది. సాక్షి కోర్టులో మాట మారిస్తే ఆ తేడాను ఎత్తిచూపడానికి మాత్రమే అది పనికొస్తుంది. నిషేధం వాంగ్మూలంతో ఆగలేదు, దాని నమోదు ఏ రూపంలో ఉన్నా వర్తించేలా రాశారు. కొత్త చట్టంలోని 180వ సెక్షన్ ఆ వాంగ్మూలాన్ని ఆడియో వీడియోగా తీయవచ్చని అనుమతించింది. తీసిన వీడియోను వాంగ్మూలం కన్నా గొప్పదిగా చూడమని ఎక్కడా చెప్పలేదు. కాబట్టి బాడీ కెమెరా ముందు బాధితుడు, పక్కింటివాడు, నిందితుడు చెప్పిన మాటలు ఈ గీత లోపలివే. 2022లో వెంకటేశ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే వచ్చింది. నిందితులు పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటున్న వీడియోను టీవీ చానెల్‌లో ప్రసారం చేశారు. అలాంటి నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని, దాన్ని ప్రసారం చేయడం న్యాయపాలనలో జోక్యమేనని కోర్టు గట్టిగా చెప్పింది. అయినా మన చానెళ్లలో నేరాంగీకార వీడియోలు ఆగలేదు, వాటిని చూసి తీర్పులిచ్చే అలవాటూ ఆగలేదు.

ఈ నిషేధానికి ఒక సందు ఉంది, దాన్ని దాచను. దర్యాప్తు మొదలవక ముందే, ఘటన వేడిలో, ఎవరూ అడగకుండా నోటి వెంట వచ్చిన మాటను ఘటనలో భాగంగా స్వీకరించడానికి సాక్ష్య చట్టం దారి ఇస్తుంది. డయల్ 100కు ఫోన్ వచ్చి గస్తీ పోలీసు పరుగెత్తుకెళ్లినప్పుడు భుజం మీది కెమెరాలో పడే మొదటి కేకలు ఆ కోవలోకి రావచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 2006లో డేవిస్ కేసులో ఇదే ప్రశ్న ఎదుర్కొంది. ఆపదలో సాయం కోసం చెప్పిన మాట వేరు, ఆపద తీరాక పోలీసు అడిగితే జరిగినదాన్ని వివరించిన మాట వేరు అని గీత గీసింది. రెండోది సాక్ష్యమే, కాబట్టి చెప్పిన మనిషి బోనెక్కాలంది. మన కోర్టులకు ఆ తీర్పు కట్టుబాటు కాదు. అయితే ఆ గీత అవసరం మనకూ ఉంది, ఎందుకంటే బాడీ కెమెరా ఒకసారి ఆన్ అయ్యాక అరగంట ఆగకుండా తిరుగుతుంది. మొదటి కేక, ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు ఎస్సై వేసిన ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. కేక పేరుతో మొత్తం ఫైలును లోపలికి తెచ్చే ప్రయత్నం జరిగి తీరుతుంది. ఎక్కడ కత్తిరించాలో చెప్పే బాధ్యత మెజిస్ట్రేట్‌ది, ఆ గీతను ఇప్పుడే స్పష్టంగా గీసుకోకపోతే పాత 162వ సెక్షన్ పుస్తకంలోనే మిగులుతుంది.

సరే, మాటలను పక్కన పెడదాం, దృశ్యం సంగతేమిటని అడుగుతారు. కన్ను మోసపోతుంది, జ్ఞాపకం చెదిరిపోతుంది, కెమెరాకు ఆ జబ్బులు లేవంటారు. కెమెరాకు జ్ఞాపకదోషం లేదు, నిజమే. కానీ ఎవరి భుజం మీద ఉందో ఆ భుజం చూపే దిక్కునే అది చూస్తుంది, ఆ భుజం గల మనిషిని మాత్రం చూడదు. అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో 2019లో వచ్చిన పరిశోధన ఇదే తేల్చింది. ఒకే ఘటనను బాడీ కెమెరా నుంచి చూసినవాళ్లు, కారుకు బిగించిన కెమెరా నుంచి చూసినవాళ్లతో పోలిస్తే, పోలీసు కావాలని చేశాడని తక్కువగా భావించారు. కారణం సూటిగా ఉంది. బాడీ కెమెరాలో ఆ పోలీసు శరీరం కనిపించదు, అతని చెయ్యి ఎంత ఊపుగా లేచిందో కనిపించదు, ఎదుటివాడు వెనక్కి తూలడం మాత్రం కనిపిస్తుంది. ఇక దృశ్యం తనంతట తానే మాట్లాడుతుందన్న నమ్మకాన్ని అమెరికా సుప్రీంకోర్టే 2007లో స్కాట్ కేసులో ప్రదర్శించింది. పోలీసులు వెంటాడి ఢీకొట్టడంతో ఒక యువకుడికి కాళ్లూ చేతులూ పడిపోయిన కేసు అది. ఆ వెంబడింపు వీడియో చూశాక వేరే వివాదానికి తావు లేదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. న్యాయశాస్త్ర ఆచార్యుడు డాన్ కహాన్, ఇద్దరు సహచరులు అదే వీడియోను దాదాపు 1,350 మంది అమెరికన్లకు చూపించారు. ఎక్కువమంది కోర్టుతో ఏకీభవించారు. అయితే నల్లజాతివారిలో, తక్కువ ఆదాయం ఉన్నవారిలో చాలామందికి ఆ వీడియోలో వేరే కథ కనిపించింది. లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్‌ను కొట్టిన పోలీసుల తరఫు న్యాయవాదులు 1992లో వీడియోను ఒక్కో ఫ్రేము ఆపి చూపించి, ప్రపంచమంతా దౌర్జన్యంగా చూసినదాన్ని ఆత్మరక్షణగా జ్యూరీని ఒప్పించారు. అర్థం చెప్పే మనిషి లేకుండా దృశ్యం ఏ కోర్టులోనూ నిలబడలేదు. అర్థం చెప్పే మనిషి ఉన్నాడంటే అతన్ని ప్రశ్నించాల్సిందే.

కెమెరా ఎప్పుడు ఆన్ అవుతుందో నిర్ణయించేదీ మనిషే. బాల్టిమోర్‌లో 2017లో ఒక పోలీసు ఖాళీ స్థలంలో మాదకద్రవ్యాల పొట్లం పెట్టి, వీధిలోకి నడిచి వచ్చి, కెమెరా నొక్కి, తిరిగి వెళ్లి దాన్ని కనిపెట్టినట్టు నటించాడు. అతనికి తెలియని సంగతేమిటంటే, మీట నొక్కడానికి ముందు 30 సెకన్లను కూడా ఆ కెమెరా శబ్దం లేకుండా దాచుకుంటుంది. నిందితుడి తరఫు ప్రభుత్వ న్యాయవాదులు ఆ 30 సెకన్లను పట్టుకున్నారు. ముందు దొరికింది, తర్వాత మళ్లీ చేసి చూపించానని అతను చెప్పుకున్నా కోర్టు నమ్మలేదు, శిక్ష పడింది. మన దగ్గర నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను తీసేది సాధారణంగా సెల్‌ఫోన్‌తో, ఈ-సాక్ష్య యాప్ ద్వారా. చిన్న చిన్న క్లిప్పులుగా తీసి ఎక్కిస్తారు. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య ఏం జరిగిందో యాప్ చెప్పదు. సోదా చేసిన ఎస్సైని బోనులో అడిగితేనే తెలుస్తుంది: మొదటి క్లిప్పు తీసే ముందు ఇంట్లో ఎంతసేపు ఉన్నారు, బీరువా ఎవరు తెరిచారు, సోదాకు సాక్షులుగా పిలిచిన పంచులు అప్పటికి వచ్చారా, ఫోను ఎవరి చేతిలో ఉంది.

ఇక్కడ సాంకేతిక నిపుణులు ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ సంగతి ఎత్తుతారు. సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ రాయాలి, నిపుణుడూ సంతకం చేయాలి, ఒక్క బిట్ మారినా పట్టుబడుతుంది అంటారు. ఆ ఏర్పాటు మంచిదే. 2020లో అర్జున్ పండిట్‌రావు కేసులో సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు తేల్చడమూ సబబే. కానీ హ్యాష్ రుజువు చేసేది ఒక్కటే, ఫైలు తయారైన తర్వాత మారలేదని. తయారవడానికి ముందు ఆ గదిలో ఎవరు ఏం పెట్టారో దానికి తెలియదు. 2025 సెప్టెంబరులో కైలాస్ పవార్ కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. సర్టిఫికెట్ ఉన్న సోదా వీడియోను సాక్ష్యంగా స్వీకరించడానికి ప్రతి సాక్షి చేత దాన్ని సొంత మాటల్లో చెప్పించి రాయించనక్కర లేదంది. ఈ తీర్పును చూపించి, ఇక వీడియోకు సాక్షి అక్కర్లేదని కొందరు ఉత్సాహపడుతున్నారు. తీర్పు మాట్లాడింది వీడియో లోపలికి రావడం గురించి. లోపలికి వచ్చినదంతా నిజమని నమ్మాలని అది చెప్పలేదు. గుమ్మం దాటిన ప్రతి కాగితాన్నీ కోర్టు నమ్మదు కదా, వీడియో కూడా అంతే. స్వీకరించడానికి సర్టిఫికెట్ చాలు, శిక్ష వేయడానికి చాలదు.

సికింద్రాబాద్ కేసు లాంటి గుంపు కేసుల్లో ఈ తేడా ఒక కుర్రవాడి జీవితమంత పెద్దది. ప్లాట్‌ఫారం మీద నిలబడటం నేరం కాదు. గుంపు ఉమ్మడి ఉద్దేశంలో అతనికి పాలుందని రుజువు కావాలి. వీడియో ముఖం చూపిస్తుంది, ఉద్దేశం చూపించదు. పైగా ఆ ముఖం ఇతనిదేనని చెప్పేదెవరు? ఘటన సమయంలో అక్కడ లేని, నిందితుణ్ని లాకప్‌లో చూసి, తర్వాత తెర మీద బొమ్మను చూసి 'ఇతనే' అనే కానిస్టేబుల్ ప్రత్యక్ష సాక్షి కాడు. మనమందరం ఆ బొమ్మను చూడగలిగినట్టే అతనూ చూశాడు. పెద్ద గుంపుల కేసుల్లో ఒక్కో నిందితుణ్ని ఇద్దరు ముగ్గురు సాక్షులైనా నిలకడగా గుర్తించాలన్న జాగ్రత్తను 1964లో మసాల్తీ కేసులో సుప్రీంకోర్టు ఆమోదించింది. ఒకే ఫుటేజిని చూసి చెప్పే ముగ్గురు పోలీసులు ముగ్గురు సాక్షులు కారు. మన దగ్గరే దీనికి బాధాకరమైన ఉదాహరణ ఉంది. 2023 జనవరి చివర్లో మెదక్‌కు చెందిన దినసరి కూలీని గొలుసు దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకెళ్లారు. సీసీ కెమెరాలోని అనుమానితుడికీ ఇతనికీ పోలిక ఉందన్నదే కారణం. ఫిబ్రవరిలో అతను సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. కస్టడీలో కొట్టిన దెబ్బలే కారణమని కుటుంబం చెప్పింది, పోలీసులపై సస్పెన్షన్ పడింది, హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అతని విషయంలో దృశ్యం కోర్టు దాకా వెళ్లనే లేదు, స్టేషన్‌లోనే తీర్పయిపోయింది. కెమెరా అబద్ధమాడదన్న నమ్మకం ఎంత దూరం పోగలదో ఇంతకన్నా చెప్పనక్కర లేదు.

అసలు ప్రమాదం బాడీ కెమెరాల కన్నా ఎక్కువగా కొత్త స్మృతిలోని 336వ సెక్షన్‌లో ఉంది. దాని మీద చర్చ దాదాపు జరగలేదు. ప్రభుత్వోద్యోగి, శాస్త్ర నిపుణుడు లేదా వైద్యాధికారి తయారుచేసిన పత్రాన్ని, నివేదికను సాక్ష్యంగా వాడేటప్పుడు, ఆ మనిషి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా, చనిపోయినా, దొరక్కపోయినా, లేదా అతన్ని రప్పిస్తే ఆలస్యమయ్యేలా ఉన్నా, ప్రస్తుతం ఆ కుర్చీలో ఉన్న అధికారిని పిలిచి సాక్ష్యం చెప్పించాలని ఆ సెక్షన్ అంటోంది. కొత్త సాక్ష్య చట్టం పత్రం అన్న మాటలో ఎలక్ట్రానిక్ రికార్డులనూ కలిపింది. ఈ రెంటినీ జోడించి చదవండి. సికింద్రాబాద్‌లోని ఒక స్టేషన్ ఎస్సై భుజానికి కెమెరా పెట్టుకుని ఒక ఇంటిని సోదా చేశాడు. ఏడాదికి ఆదిలాబాద్ బదిలీ అయ్యాడు. ఆ ఇంటిని ఎన్నడూ చూడని కొత్త ఎస్సై బోనెక్కి, ఫుటేజిని ప్రదర్శించి, ఇది మా స్టేషన్ రికార్డే అంటాడు. క్లిప్పుకు ముందు ఏం జరిగిందని అడిగితే తనకు తెలియదంటాడు. అది నిజమైన జవాబే. తెలియదన్న జవాబును అడ్డుప్రశ్నలతో ఎవరూ ఛేదించలేరు. అమెరికాలో మద్యం తాగి బండి నడిపిన కేసులో రక్తపరీక్ష చేసిన విశ్లేషకుడి బదులు అదే ల్యాబ్‌లోని మరొకరిని పంపితే, 2011లో బుల్‌కమింగ్ తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పరీక్ష చేసిన మనిషిని ప్రశ్నించే హక్కు బదులు మనిషిని ప్రశ్నిస్తే తీరదంది. రక్తపరీక్ష కనీసం యంత్రం ఇచ్చిన అంకె. సోదా అలా కాదు, అడుగడుగునా ఒక మనిషి నిర్ణయాలతో సాగే పని. బాడీ కెమెరా, సోదా వీడియోలకు 336వ సెక్షన్ వర్తించదని మన తెలంగాణ హైకోర్టు మొదటి అవకాశంలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఎదుటి పక్షంలో తేలిగ్గా తోసిపుచ్చలేని వాదన ఒకటుంది. పంచులు అడ్డం తిరుగుతారు. పంచనామా మీద సంతకం తనదే కానీ ఖాళీ కాగితం మీద పెట్టించుకున్నారని చెప్పడం మన కోర్టుల్లో రోజూ వినిపించేదే. గృహహింస కేసుల్లో భార్య, అత్యాచారం కేసుల్లో బాధితురాలు, కులదౌర్జన్యం కేసుల్లో ఊరు విడిచి బతకలేని కూలీ బెదిరింపులకు లొంగి మాట మార్చుకుంటారు. వాళ్ల మొదటి మాట కెమెరాలో ఉంటే న్యాయం బతుకుతుంది కదా అంటారు. ఆ బాధ నిజమైనది, నేరగాడు తప్పించుకోవడం నాకూ సమ్మతం కాదు. కానీ సాక్షి భయపడితే భయాన్ని తీసేయాలి గానీ సాక్షిని తీసేయకూడదు. మెజిస్ట్రేట్ ముందు ప్రమాణం మీద వాంగ్మూలం నమోదు చేసే దారి చట్టంలో ఉంది. 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ చట్టంగా అమలు చేయమంది. నిందితుడి ముఖం చూడకుండా తెర చాటు నుంచి సాక్ష్యం చెప్పే ఏర్పాటును 2004లో సాక్షి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో ఆమోదించింది. మన హైదరాబాద్ నగరంలో 2016లో ప్రారంభించిన భరోసా కేంద్రం బాధిత స్త్రీలకు, పిల్లలకు ఆసరాగా నిలవడానికే వచ్చింది. ఇవన్నీ సాక్షిని కాపాడుతూనే నిందితుడి తరఫు న్యాయవాదికి ప్రశ్నించే అవకాశం మిగులుస్తాయి. వీటికి డబ్బు, గదులు, సిబ్బంది కావాలి. కెమెరా చవక. చవకైన దారి దొరికిందని ఖరీదైన బాధ్యతను ప్రభుత్వం వదులుకోకూడదు. పైగా బెదిరించి మాట మార్పించగలిగినవాడు బెదిరించి మొదటి మాటా చెప్పించగలడు. ఎటువైపు బెదిరింపు జరిగిందో ఆ మనిషి నోటి నుంచి ప్రశ్నల మధ్యనే బయటపడాలి.

రెండో ఆక్షేపణ నాకు దగ్గరివాళ్ల నుంచి, హక్కుల ఉద్యమాల నుంచి వస్తుంది. పోలీసులకు కెమెరాలు పెట్టించమని అడిగింది మనమే, ఇప్పుడు ఆ దృశ్యాలను నమ్మొద్దంటే ఎలా అంటారు. నమ్మొద్దని నేననడం లేదు. ఒకే ఫుటేజికి ఇద్దరి చేతుల్లో రెండు విలువలుండాలంటున్నాను. ఈ అసమానత చట్టం కోరి పెట్టుకున్నదే. పోలీసు వాంగ్మూలాన్ని నిందితుడు సాక్షిని ఖండించడానికి వాడుకోవచ్చు, ప్రాసిక్యూషన్ నేరం రుజువు చేయడానికి వాడుకోరాదు. రాజ్యం దగ్గర లాఠీ, లాకప్, ల్యాబ్, ఇప్పుడు కెమెరా ఉన్నాయి. నిందితుడి దగ్గర ప్రశ్న మాత్రమే ఉంది. బాడీ కెమెరా ఆ ప్రశ్నకు పదును పెట్టాలి. ప్రశ్నకున్న బలం మనం ఈ మధ్యనే చూశాం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నగరంలో ఆ రోజు మిఠాయిలు పంచుకున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2021లో హైకోర్టు ప్రాంగణంలో విచారణ జరిపి, అప్పటి సైబరాబాద్ కమిషనర్ సహా పోలీసు అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించింది. నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న పోలీసుల కథ నమ్మదగినది కాదని, కావాలనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను పోలీసులు హైకోర్టులో సవాలు చేశారు, ఆ వివాదం సంగతి కోర్టు తేలుస్తుంది. మరి ఆ పోలీసుల మీద విచారణ జరిగితే వాళ్లు కూడా నిందితులే, వాళ్లకు వ్యతిరేకంగా చెప్పేవారిని ప్రశ్నించే హక్కు వాళ్లకూ అంతే నిండుగా ఉండాలి. ఒకరికి ఒకలా, మరొకరికి మరోలా ఈ హక్కును నేను అడగడం లేదు.

హక్కుల ఉద్యమాలు ఇంకా గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి వేరే ఉంది, అది ఏ ఫుటేజి మిగులుతుందన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం జనం గుమిగూడే దుకాణాలు, ఆసుపత్రులు, సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు దాచి, పోలీసు అడిగితే ఇవ్వాలి. అరెస్టయిన నిందితుడు రిమాండులో ఉంటాడు. ఛార్జిషీటు 60 లేదా 90 రోజులకు వస్తుంది. ఆ తర్వాతే అతనికి కాపీలు అందుతాయి. అప్పటికి పోలీసు ఎంచుకోని దృశ్యాలన్నీ చెరిగిపోయి ఉంటాయి. నిందితుడు ఆ సమయంలో వేరే వీధిలో ఉన్నాడని చూపే దృశ్యం, సోదాకు ముందు జీపు ఇంటి ముందు గంటసేపు ఆగిందని చూపే దృశ్యం అందులో ఉండి ఉండవచ్చు. అంటే కెమెరా అబద్ధమాడకపోయినా, కెమెరా చెప్పినవాటిలో ఏది వినాలో పోలీసు నిర్ణయిస్తున్నాడు. స్టేషన్లలోని కెమెరాలకైతే 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 18 నెలల నిల్వ, అది కుదరకపోతే కనీసం ఏడాది అని గడువు పెట్టింది. దాదాపు అయిదేళ్లయినా కెమెరాలు పనిచేయడం లేదన్న వార్తలు చూసి 2025 సెప్టెంబరులో ఆ కోర్టే మళ్లీ తనంతట తాను కేసు చేపట్టాల్సి వచ్చింది. నాగరిక్ సురక్షా సంహితలో బాడీ కెమెరా అన్న ప్రస్తావనే లేదు, నిల్వ గడువు మాట చెప్పనక్కర లేదు. ఉండాల్సిన ఫుటేజి లేకపోతే ఆ లోటును ప్రాసిక్యూషన్‌కు వ్యతిరేకంగానే తీసుకోవాలని 2015లో తొమాసో బ్రూనో కేసు దారి చూపింది. వారణాసి హోటల్ సీసీ దృశ్యాలను కోర్టు ముందుంచనందుకు, ఇతర లోపాలతో కలిపి, ఇద్దరు ఇటలీ పౌరులను సుప్రీంకోర్టు విడుదల చేసింది. ఛార్జిషీటుకు జతచేయని వాటి జాబితాను కూడా నిందితుడికి ఇవ్వాలని 2021లో అదే కోర్టు ముసాయిదా నియమాలను ఆమోదించి హైకోర్టులను అమలు చేయమంది. ఆ జాబితాలో బాడీ కెమెరా ఫైళ్లు ఒక్కొక్కటిగా, తీసిన సమయంతో, తీసినవారి పేరుతో ఉండాలి. మెమరీ కార్డులోనిది పత్రమే కాబట్టి నకలు పొందడం నిందితుడి హక్కేనని 2019లో, నటిపై లైంగిక దాడికి సంబంధించిన కేరళ సినీనటుడి కేసులో కోర్టు చెప్పింది. అక్కడ బాధితురాలి గౌరవం దృష్ట్యా న్యాయవాదితో కలిసి చూడటానికి మాత్రమే అనుమతించింది. ఆ మినహాయింపు సరైనదే.

ఇక మిగిలింది ఆలస్యం. జిల్లా కోర్టుల్లో నాలుగు కోట్లకు పైగా కేసులు మూలుగుతుంటే, బదిలీ అయిన ప్రతి ఎస్సై కోసం వాయిదాలు వేయలేమంటారు. 336వ సెక్షన్‌కు చెప్పే సమర్థన కూడా ఇదే. దీనికి జవాబు ఆ సెక్షన్‌లోనే ఉంది. కుర్చీలో ఉన్న కొత్త అధికారి వీడియో లింకు ద్వారా సాక్ష్యం చెప్పవచ్చని అది అనుమతిస్తోంది. కొత్త అధికారికి వీడియో లింకు దొరికినప్పుడు పాత అధికారికి ఎందుకు దొరకదు? 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసు నాటికే సుప్రీంకోర్టు అమెరికాలో ఉన్న వైద్యుడు వీడియోలో సాక్ష్యం చెప్పడాన్ని ఒప్పుకుంది. ఆదిలాబాద్ అంత దూరం కాదు. బదిలీ అయినవాడు తన జిల్లా కోర్టు గదిలో కూర్చుని, పదవీ విరమణ చేసినవాడు తన ఊరి కోర్టుకు వెళ్లి, తాను తీసిన ఫుటేజిని తెర మీద పెట్టుకుని నిందితుడి న్యాయవాది అడిగినదానికి జవాబు చెప్పవచ్చు. దానికి ఒక పూట చాలు. చనిపోయినవారి విషయం వేరు. అక్కడ కూడా వాళ్లు గతంలో కోర్టులో చెప్పిన సాక్ష్యాన్ని వాడాలంటే అప్పట్లో అడ్డుప్రశ్నలకు అవకాశం దొరికి ఉండాలని చట్టం అంటూ వచ్చింది. తెలంగాణ హైకోర్టు తన నేర విచారణ నియమాలను కొత్త చట్టాలకు తగ్గట్టు సవరించేటప్పుడు రెండు వాక్యాలు చేర్చితే చాలు: కెమెరా ధరించిన అధికారి సజీవంగా ఉండి సాక్ష్యం చెప్పగలిగే స్థితిలో ఉన్నంతకాలం అతన్ని విచారించకుండా ఆ ఫుటేజిని నేరనిరూపణకు వాడరాదు; అరెస్టయిన ఏడు రోజుల్లోగా నిందితుడు పేర్కొన్న సమయానికి, స్థలానికి చెందిన దృశ్యాలన్నిటినీ భద్రపరచమని మెజిస్ట్రేట్ ఆదేశించాలి.